తుమ్మచెట్టుకు కట్టిన రేకు

రెండువేల పదమూడు. సెనక్కాయ పీకినాక వచ్చే చలికాలం. అప్పటి మాట ఇది అశ్వినమ్మా. చెప్తా, తొందర పడొద్దు. ఈడ అరుగు మింద కూచో, ఎండ ఆ పక్కకు పోయింది. ముందు ఆ ఫోనులో పటం ఇంగొగసారి చూపియ్యి. ఇదిగో ఈ గుట్ట, ఈ వంక, ఈడ ఎర్రచుక్క. ఈ చుక్క నువ్వే పెట్టినావా? నిన్న సాయంత్రమా? సరే. పిల్లలతో పాటు తోడేలును చూసినాను తాతా అని నువ్వు సంబరంగా చెప్తాండావు, నేనేమో ఆ చుక్కనే చూస్తాండా. వచ్చే ఆదివారం నీ నడకకు నలభై మంది వస్తారంటివి. అనంతపురం నుంచి, పుట్టపర్తి నుంచి. రానీ. నడక మంచిదే, జనం గుట్ట చూసేది మంచిదే, నేనేం అడ్డం కాదు. ఆ చుక్క తీసెయ్యమంటాండా, అంతే. ఏంటికంటావా? అది చెప్పాలంటే తిప్పయ్య గురించి చెప్పాల. ఆయప్ప గురించి అడిగేదానికే గదా నువ్వు ఈ పొద్దు మళ్లా కుందుర్పిలో బస్సు దిగి ఎండలో ఇంత దూరం నడిచి వచ్చినావు. మీ కాలేజీలో ఆయప్ప పేరు ఇంగా చెప్తారా? చెప్తారంటే మంచిదే. ఎట్ల పోయినాడో మాత్రం చెప్పుండరు. నీళ్లు తాగు. ఉప్పగా ఉంటాయి, బోరు నీళ్లు, తాగొచ్చు.

తిప్పయ్య గొర్రెలు కాసినోడు. నాకంటే రెండేండ్లు పెద్ద, అయినా నన్ను ఆదెన్నా అనే పిలుస్తాండె. మనిషి పొట్టి, కాళ్లు మాత్రం జింక కాళ్ల మాదిరి ఎండు కాళ్లు. ఎండాకాలమైనా భుజం మింద గొంగడి ఉండాల్సిందే. నడుముకు ఆకువక్క తిత్తి. ముప్పై ఐదేండ్లు ఆ గుట్టను తొక్కినాడు. వానలు లేక, మేపు లేక జీవాలను అమ్ముకొని, మోకాళ్లు పట్టుకొని ఇంటికాడ కూచున్నాడు. అప్పుడు వచ్చినాడు రామదాసు సారు. అనంతపురంలో కాలేజీ పిల్లలకు జంతువుల పాఠం చెప్తాండె. గోదావరి పక్క మనిషి. "ఏవండీ తిప్పయ్యగారూ, ప్రతి ఆదివారం కొంతమందిని తీసుకొస్తాను, మీరు కొండంతా తిప్పి చూపిస్తారా?" అని అడిగినాడు. తిప్పయ్య నా పక్క తిరిగి, "ఏమప్పా ఆదెన్నా, గుట్ట చూసేదానికి బస్సులో వస్తారా? ఆడ కనపడ్తానే ఉండాది గదా!" అనినాడు. గారూ అనిపించుకున్నదానికి మాత్రం మూడు దినాలు నవ్వుతా తిరిగినాడు. కదిరమ్మ, ఆయప్ప పెండ్లాం, "సంగటి తిందురు రాండి తిప్పయ్యగారూ" అని పిలుస్తాండె.

వచ్చినారు. ఇరవై మంది, ముప్పై మంది. బ్యాంకు వాండ్లు, టీచర్లు, పిల్లోళ్లను చంకనేసుకున్న ఆడోళ్లు. టోపీలు, దుర్భిణీలు, బిస్కెట్ పొట్లాలు. మొదటి ఆదివారం తిప్పయ్య దోవలో ఒగ ఎండిన పెంటిక తీసుకొని రెండు ముక్కలు చేసి, "చూడండి, వెంట్రుకలు. ఇది ఏసిన నక్క మొన్న కుందేలును తినింది" అనినాడు. బ్యాంకులో పనిచేసే ఒకామె ముక్కు మూసుకొని, "ఛీ, చేత్తో పట్టుకున్నాడు చూడండి!" అని నాలుగు అడుగులు ఎనక్కి పోయింది. నెల తిరిగేసరికి ఆమెనే కట్టెపుల్లతో కెలుకుతా, "తిప్పయ్యగారూ, ఇది గుంటనక్కదా, దాని పెద్దన్న తోడేలుదా?" అని అడుగుతాండె. సారు ప్రతిదానికీ ఒగ పొడవాటి ఇంగ్లీషు పేరు చెప్పేవాడు. తిప్పయ్య తలకాయ ఊపి, "పేరు నాకు తెల్దు సార్. అది నీళ్లు యాడ తాగుతాదో తెలుసు" అని, పొద్దెక్కినాక ఇసుక రంగు పిట్టలు జతలు జతలుగా వచ్చి దిగే గుంత కాడికి తోలుకొనిపోయి, అందర్నీ బండల చాటున కూచోబెడతాండె. ఆఖర్లో ఆయప్ప ఉపన్యాసం. ఉపన్యాసమంటే ఏమనుకున్నావు? తిత్తి విప్పి అందరికీ తలా ఒగ ఆకు, వక్క ముక్క ఇచ్చి, వేలితో సున్నం పూసి, "నమలండి. నమిలినంతసేపు మాట్లాడొద్దు, ఇనండి" అనేవాడు. నోట్లో ఆకుంటే మాట రాదు, చెవులు తెరుచుకుంటాయని ఆయప్ప లెక్క. ముప్పై మంది పట్నపోళ్లు బండ మింద కూచొని మేకల మాదిరి నములుతా ఉంటే చూడాల నువ్వు. ఒగ్గరు మాట్లాడితే ఒట్టు. కౌజుపిట్ట అరిచేది, యాడనో రాయి దొర్లేది, గాలి కొరగడ్డిలో పోయేది, అన్నీ ఇనపడ్తాండె. ఉపన్యాసం అంటే అదే. నీకు బాగుంది గదా? ఆదివారం చెయ్యి నువ్వు గూడా. ఆకులు నేను తెచ్చిస్తా. చుక్క మాత్రం తీసెయ్యి.

ఏం, ఇంగా తీయలేదా? సిగ్నల్ లేదా? ఆ దిబ్బ మిందికి పోతే వస్తాది. పోదువులే, ఇనేసి పో. ఏం, లేస్తాండావా, ఇప్పుడే పోతావా? వద్దు, కూచో. ఇది ఇనకుండా పోతే నీకు తీసెయ్యాలని అనిపించదు.

గొర్రెలోళ్లకు ఒగ కట్టుబాటు ఉండాది. చలికాలంలో తోడేలు పిల్లలు పెడతాది. అది యాడ పెట్టిందో మొదట చూసిన కాపరి, దోవలో మూడు రాళ్లు ఒగదాని మింద ఒగటి పెట్టి, నడుమ ఇంత గొర్రెబొచ్చు ఇరికిస్తాడు. అంతే. యాడా చెప్పడు. ఇంటికాడ పెండ్లానికి గూడా చెప్పడు. ఆ రాళ్లు చూసిన ఇంగొగ కాపరి మంద మళ్లేసుకొని వేరే పక్క పోతాడు. ఉగాది దాకా ఆ పక్క ఎవురూ మేపరు. ఏడాదికి ఒగ గొర్రెపిల్ల పోతే, అది దాని వంతు అని ఊరకుంటారు. దాని తావ దాన్ని ఉండనిస్తే అది మన గొర్రెల రొప్పం కాడికి రాదంట. వస్తాదో రాదో, మా తాతల నాటి నుంచి ఇదే నడుస్తాండాది. మంద సొంతదారులకు, అంటే జీవాలు కొని కూలికి కాపరిని పెట్టుకునే వాండ్లకు, ఈ రాళ్ల సంగతి తెల్దు. వాండ్లకు తెలియకుండానే పెట్టుకునిన కట్టుబాటు ఇది. పిల్ల పోతే రోగమొచ్చి సచ్చిందని చెప్తాండిరి. ఇదంతా నాకు తిప్పయ్య చెప్పినాడు. నేను గొర్రెలోణ్ణి కాదు, చేను దున్నుకునేవాణ్ణి. నేను ఆయప్పతో నడకకు పోతాంటి, బస్సు వాండ్లకు చాయ్ క్యాను మోసేవాణ్ణి. స్నేహం.

ఆ ఏడు తోడేలు వంక పైనున్న బండల్లో పిల్లలు పెట్టింది. తిప్పయ్య మూడు రాళ్లు పెట్టినాడు. నడక రాళ్ల కాడికి రాగానే, "ఈడితో అయిపోయింది, ఎనక్కి పాండి" అనేవాడు. ఏంటికో చెప్పడు. పట్నపోళ్లు ఊరకుంటారా? ఒగాయప్ప రాళ్ల మింద కెమెరా పెట్టి ఫోటో తీసుకున్నాడు. ఒగ పిల్లోడు పైరాయి తీసి వంకలోకి ఇసిరినాడు. ఇద్దరు కాలేజీ పిల్లోళ్లు దాటుకొని పోతే తిప్పయ్య ఎనకాల ఉరికి, రొప్పుతా తోలుకొచ్చినాడు. నాకు ఒళ్లు మండింది. "ఏమప్పా, బోర్డు రాసి పెడితే పోతాది గదా? సదువుకున్నోళ్లు, సదివి ఎనక్కి పోతారు" అంటి. "వద్దు ఆదెన్నా. రాళ్లు చాలు" అనినాడు. "రాళ్లు వాండ్లకు తెలిసేదెట్ల?" "తెలీకపోతే నేను ఉండా, చెప్తా." "నువ్వు పొద్దస్తమానం ఉంటావా ఈడ?" "ఉంటా."

నా సంగతి చెప్పాల ఇప్పుడు. నేను నలభై ఐదేండ్లకు అక్షరాలు నేర్చినాను. పంచాయతీ ఆఫీసు పంచలో రాత్రి బడి పెట్టినారు. పగలు చేనుకాడ, రాత్రి పలక. తిప్పయ్యను రమ్మంటే, "నాకు మంద సదువు చాలు" అనినాడు. నేను మొండికేసి రెండేండ్లు పోయినా. పేపరు సదివేవాణ్ణి, బస్సు బోర్డు సదివేవాణ్ణి, ఊర్లో ఎవరికి అర్జీ కావాల్నన్నా నేనే రాస్తాంటి. వేలిముద్ర ఏసిన చెయ్యి అమ్మా ఇది. దీంతో బోర్డు రాస్తానంటే ఆయప్ప వద్దంటాడా? నాకేమనిపించిందో తెలుసా? తనకు రాదని కుళ్లు అనుకుంటి. అట్లనే అనుకుంటి. ఈ పొద్దు చెప్పేదానికి సిగ్గైతాండాది.

నూనె డబ్బా రేకు ఒగటి ఉండె. సుత్తితో సాపు చేసి, తలుపులకు ఏసినాక మిగిలిన నీలం రంగుతో రాసినా. ఒగ దినమంతా పట్టింది. "ఈ వంక పైన బండలలో తోడేలు పిల్లలు పెట్టింది. ఎవరూ ఇటు పోగూడదు. ఇట్లు ఆదెన్న." పేరు గూడా రాసుకుంటి సూడు. బాణం గుర్తు గూడా ఏసినా, యా పక్క పోగూడదో తెలియాల గదా అని. తిప్పయ్యకు చెప్పకుండా, మూడు రాళ్ల పక్కనున్న తుమ్మచెట్టుకు కమ్మీతో కట్టేస్తి. ఆ ఆదివారం సారు చూసి, "బ్రహ్మాండంగా రాశావయ్యా ఆదెన్నా! ఒక్క తప్పు లేదు!" అనినాడు. బ్యాంకు ఆమె బోర్డు పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసింది. నేను ఆ పొద్దు సంగటి తినలే, కడుపు నిండిపోయింది. తిప్పయ్య మాత్రం చూసినాడు, చూసి రేకును తడిమినాడు, అంచులు కోసుకుంటాయేమో అన్నట్ల. జనం పోయినాక కమ్మీ విప్పబోయినాడు. నేను చెయ్యి పట్టుకుంటి. "ముట్టుకుంటే మర్యాద ఉండదు తిప్పయ్యా." "ఆదెన్నా, ఇది ఎవురికి చెప్తాండావో నీకు తెల్దు." "సదువొచ్చినోళ్లకు చెప్తాండా! నీకేం తెల్సు?" అంటి. అనేస్తి. ఆయప్ప చెయ్యి వదిలేసినాడు. ఆరు దినాలు మేము మాట్లాడుకోలే. ఒగే వీధి. ఎదురుపడితే నేను తల తిప్పుకొంటి. ఆయప్ప తిప్పుకోలే, నేనే తిప్పుకొంటి.

గురువారం ఎర్రప్ప చాయ్ అంగడి కాడ కలిసినాడు. ఎర్రప్ప అంటే పెద్ద మంద ఉండె ఆయప్పకు, నూరు నూటయాభై జీవాలు, కూలికి కాపరులు. ఇప్పుడు లేడులే. మోటార్ సైకిల్ ఆపి, "ఏం ఆదెన్నా, గుట్ట కాడ బోర్డు నీదేనా?" అనినాడు. "నాదే అన్నా" అంటి, ఒళ్లు పొంగిపోయింది. "మంచిపని చేసినావప్పా. ఏండ్ల తరబడి అడుగుతాండా, నా కాపరి నాయాళ్లు ఒగ్గడూ చెప్పలే. ఈ ఏడు నావి మూడు పొట్టేళ్లు పోయినాయి. రోగమంట, రోగం!" అని చాయ్ నాకు గూడా చెప్పి పోయినాడు. నేను ఆ చాయ్ తాగినా అమ్మా. తాగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటా ఉంటే అప్పుడు తట్టింది. నా బాణం ఎర్రప్పకు దోవ చూపించిందని. శుక్రవారం ఎర్రప్ప బండి ఎనకాల సచ్చిన గొర్రెను కట్టుకొని గుట్ట పక్క పోతాంటే చూస్తి. తిప్పయ్య ఇల్లు నాలుగిండ్లవతల. పోయి చెప్పాల గదా? వాకిలి దాకా పోతి. లోపల కదిరమ్మ ఏందో చెప్తాంటే ఆయప్ప నవ్వుతాండాడు. ఎనక్కి తిరిగి వస్తి. ముందు నేనెట్ల మాట్లాడేది అని. పొద్దున్నే నేనే గడ్డపార ఎత్తుకొని పోయి ఆ గొర్రెను పూడ్చేస్తా, ఎవురికీ తెలియకుండా అయిపోతాది అనుకుంటి. నా మొండితనం అట్లాంటిది.

శనివారం తెల్లవారంగనే పోతి. నాకంటే ముందే ఉండాడు ఆయప్ప. ఎట్ల తెలిసిందో! గద్దలు తిరిగేది చూసుంటాడు. మరుసటి దినం బడిపిల్లోళ్లు ముప్పై మంది నడకకు వస్తాండారు. అందుకని గొర్రెను చేతులతోనే ఈడ్చి, వంకలో గుంతలోకి తోసి, మింద బండలు పేర్చినాడు. మాంసం నిండా గుళికల మందు, చేన్లకు ఏస్తాము సూడు, అది. పెద్ద తోడేలు ఒగటి ఆడనే కాళ్లు చాపి పడుండాది. ఇంగొగటి నీళ్లగుంత దాకా పోయి పడింది. పిల్లలు మూడు బండల్లో సచ్చినాయి. నాలుగోది కొట్టుకుంటాండాది. తిప్పయ్య దాన్ని తొడ మింద పెట్టుకొని, తన సీసాలో ఉన్న నీళ్లన్నీ దాని నోట్లోకి పోసినాడు. తాగలే. ఆడ ఇంగ నీళ్లు లేవు. తోడేలు పడిన నీళ్లగుంతలో ఉండేవి ఎట్ల ముట్టుకుంటాము? ఆయప్ప చేతులు ఇసుకలో రుద్దుకున్నాడు. కంపల పనితో ఆ చేతులు ఎప్పుడూ గీసుకొని ఉండేవి.

నేను గడ్డపార పట్టుకొని నిలబడుకోనుండా. నా మొగం చూసినాడు. తిట్టలే. బోర్డు మాట ఎత్తలే. బండ మింద కూచొని, తిత్తి విప్పి, రెండాకులు తీసినాడు. ఒగదానికి వేలితో సున్నం పూసి, నా పక్క చాపినాడు. "తీసుకో ఆదెన్నా. నమిలితే మాట్లాడే పని ఉండదు." ఆరు దినాల తరవాత ఆయప్ప నాతో అన్న మాట అదే. నేను వద్దు అని తల ఊపితి. తీసుకుంటే తప్పు ఒప్పుకున్నట్ల ఔతాదని. ఆయప్ప కాసేపు చాపే ఉండి, ఆ ఆకు గూడా తన నోట్లోనే పెట్టుకున్నాడు. ఆ వేలితోనే. నాకు ఆ చేతికి ఏముందో తోచలే, ఆయప్పకు తోచలే. ముప్పై ఐదేండ్ల అలవాటు. గుట్ట దిగేలోపల చలిలో చెమట పట్టింది, నోట్లో నుంచి నురుగు, కాళ్లు వణికినాయి. ఎత్తుకొని దోవ దాకా తెస్తి. ఆటోలో పండబెట్టి కళ్యాణదుర్గం పక్క పోతాంటే, ఇంగా ఆరు మైళ్లుండంగనే పోయినాడు. తల నా ఒళ్లో ఉండె.

ఎర్రప్ప నాది కాదు ఆ గొర్రె అనినాడు. నడక నిలిచిపోయింది, సారు మళ్లా రాలే. పదకొండో దినం అయినాక కదిరమ్మ నా ఇంటికి వచ్చింది, ఆ రేకు చంకలో పెట్టుకొని. తనే పోయి విప్పుకొచ్చింది. "ఏం రాసినావు ఆదెన్నా? సదువు" అనింది. ఆయమ్మకు సదువు రాదు. సదివితి. ఈ అరుగు మిందనే, నువ్వు కూచున్న తావనే నిలబడింది. "ఈ బాణం ఏంటికి?" అనింది. చెప్తి. "ఆఖర్న ఇది?" అనింది. నా పేరు అంటి. రేకు మళ్లా చంకలో పెట్టుకొని పోయింది. ఇప్పటికీ వాండ్ల ఇంటికాడ కోళ్లగంప మింద కప్పింటుంది, పోయేటప్పుడు చూడు. అక్షరాలు పైకే ఉంటాయి.

పదేండ్లకు పైన మళ్లా వచ్చినాయమ్మా అవి. యాడ్నుంచి వచ్చినాయో. రాళ్లు ఈసారి నేనే పెట్టినా, గొర్రెలోణ్ణి కాకపోయినా. నెల దినాల్నుంచి నిద్ర లేదు నాకు, ఎవురు చూస్తారో, ఎవురు చెప్తారో అని. బోర్డు రాసియ్యమంటివి, నా చెయ్యి బాగుంటాదని ఎవురో చెప్పినారంటివి. నేను రాయను. నలభై మందిని తోలుకొని రా, పిట్టల గుంత చూపియ్యి, పెంటికలు చూపియ్యి, ఆకు ఇచ్చి నమలమను. రాళ్ల కాడ ఎనక్కి తిప్పు. ఏంటికంటే చెప్పొద్దు. మందలు ఇప్పుడు గూడా ఉండాయి, గుళికలు ప్రతి అంగట్లో ఉండాయి.

లెయ్యి, దిబ్బ మిందికి పోదాం. నేను గూడా వస్తా, కట్టె అందియ్యి. ఈడ చూడు, వచ్చిందా సిగ్నల్? తీసెయ్యి. తీసేసినావా? ఏదీ, చూపియ్యి. చుక్క పోయింది. మంచిది తల్లీ. ఈ అంకె ఏంది కింద, కన్ను గుర్తు పక్కన? చూసినోళ్లా? నిన్నట్నుంచి ఈ పొద్దుటికి? రెండు నూర్ల పదకొండు మందా?

నా బోర్డు ఒగ ఎర్రప్ప సదివినందుకు రెండు పెద్ద తోడేళ్లు, నాలుగు పిల్లలు, తిప్పయ్య పోయినారు.